అందరి ఎదుట విప్పిన పటము

నా చిన్ననాట, మా ఊరి పద్మశాలీల వాడలో, వేసవి రాత్రులయందు కూనపులివారు వచ్చి మార్కండేయ పురాణమును పటము కట్టి చెప్పెడివారు. రెండు నిలువు కట్టెల నడుమ వ్రేలాడదీసిన ఆ ఎఱ్ఱని గుడ్డచుట్ట పైనుండి క్రిందికి గడి వెంట గడిగా విప్పబడుచుండగా, కథకుడు చేతికఱ్ఱతో ఒక్కొక్క బొమ్మను తాకి, దాని కథను పాడి, మాటలాడి, మరల పాడి, మమ్ములను ఒక గడిలోనుండి మరియొక గడిలోనికి నడిపించుకొని పోయెడివాడు. అక్షరమొక్కటియు నేర్వని మా నాయనమ్మయు, పట్నమున చదివి వచ్చిన మా చిన్నాయనయు, ఇంకను మాటలు సరిగా రాని మా చెల్లెలును ఆ పటము ముందు ఒకే గోనెపట్టామీద కూర్చుండి, ఒకే బొమ్మను చూచి, ఒకే క్షణమున నిట్టూర్చుట నాకు ఇప్పటికిని కన్నులకు గట్టినట్లున్నది. దానితోపాటు మరియొక దృశ్యమును నేను మరువలేదు. వాడ మొదట, పెట్రోమాక్సు దీపపు వెలుగు సన్నగిల్లిన చోట, బడిలో నా ప్రక్కను కూర్చుండి నాతో ఒకే బలపమును పంచుకొను బాలుడొకడు గోడకానుకొని నిలిచి చూచుచుండెను. అతనిని పొమ్మన్నవారు లేరు, రమ్మన్నవారును లేరు. తెల్లవారి బడిలో అతడు నన్ను కథ తరువాయి అడిగినాడు. దీపము దూరమగుటచే అతనికి క్రింది గడులు కనబడలేదట.

చేర్యాల నకాషీ చిత్రకారులు తరతరములుగా వ్రాసి ఇచ్చిన ఈ పటములను గూర్చి కళాభిమానులు చాల వ్రాసియున్నారు. గుడ్డకు చింతగింజల అంబలిని, తెల్లమట్టిని, జిగురును కలిపి పూత పూయుట, ఎఱ్ఱని నేలమీద పసుపు నీలివన్నెలతో బొమ్మలు దీర్చుట, ముప్పది నలువది అడుగుల పొడవున ఒక పురాణమంతయు గడులుగా పరచుట ప్రసిద్ధ విషయములే. నేనిచట చెప్పదలచినది వేఱొకటి. పటము కులము కులమునకు వేఱు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణము చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెప్పుదురు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము చెప్పుదురు. ఒక్కొక్క పటము ఒక్కొక్క కులమువారిని తన చుట్టు కూర్చుకొని, వారి పుట్టుక ఎట్టిదో, వారి గౌరవమెట్టిదో వారికి జ్ఞాపకము చేసి, చెల్లాచెదరుగానున్న ఇండ్లను ఒక్కటిగా కుట్టినది. బొమ్మకు మనుష్యులను కూర్చు శక్తి ఎంత గలదో తెలియుటకు ఇంతకు మించిన నిదర్శనమక్కరలేదు. అయితే అది కూర్చినది వాడను, ఊరిని కాదు. గోడకానుకొని నిలిచిన నా చెలికానికి తన వాడలో తన పటముండియుండవచ్చును. అతనికిని నాకును కలిపి ఒక పటము మా ఊర లేకుండెను.

అట్టి పటమును విప్పదగిన చోటు ఊరిలో ఒక్కటే కలదు. అది ప్రాథమిక పాఠశాల. ముప్పదియేండ్లకు పైగా చిన్న తరగతులకు పాఠము చెప్పినవాడనగుటచే ధైర్యముగా అనుచున్నాను: బొమ్మల కథల పుస్తకమును మనము అక్షరములు నేర్పు పనిముట్టుగా మాత్రమే చూచుచున్నాము; దానికంటె పెద్దపని, ఒకే కప్పు క్రింద కూర్చుండియు ఒకరికొకరు పరాయివారైయున్న పిల్లలను ఒక కూటమిగా జేయు పని, అది చేయగలదు; ఆ పనికై దానికి గంటల పట్టికలో చోటిచ్చి ప్రతిదినము విప్పవలసియున్నది.

బొమ్మలున్న పుస్తకమెల్ల బొమ్మల పుస్తకము కాదు. 1947 జూలైలో మదరాసున పుట్టిన 'చందమామ' మా తరమువారికి ప్రాణము. వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ గార్ల బొమ్మలకై మేము నెలనెలయు ఎదురు చూచితిమి. అయినను చందమామ కథను బొమ్మ తీసివేసి చదివినను కథ నిలుచును. నేను చెప్పు పుస్తకములో మాట సగమే చెప్పును. తక్కిన సగమును చిత్రము దాచుకొనియుండును. పిల్లవాడు నిద్రపోయెనని మాట చెప్పుచుండగా, దుప్పటి క్రింద వెలుగుచున్న టార్చిలైటును చిత్రము చూపుచుండును. ఆ దాగిన సగమును వెదకి తీయుటకు అక్షరజ్ఞానముతో పనిలేదు, చూపు చాలును. 1658లో కొమేనియస్ పండితుడు న్యూరెంబర్గు నగరమున పిల్లలకై బొమ్మల పాఠ్యపుస్తకమును వెలువరించి, బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి వాని పేర్లు నేర్పినాడు. ఆ కాలమునకు అది విప్లవమే. మూడున్నర శతాబ్దములు గడచిన తరువాతను మన బడులలో బొమ్మకు ఆ ఒక్క ఉద్యోగమే మిగిలియుండుట విచారకరము. ఇది ఏమి? ఆవు. ఇది ఏమి? చెట్టు. అంతటితో బొమ్మ పని ముగిసినది.

ఒక సంవత్సరము రెండవ తరగతిలో నా ఎదుట ఇరువదిముగ్గురు పిల్లలుండిరి. పుస్తకమొక్కటే. దానిని ఒడిలో పెట్టుకొని చదివినచో బొమ్మ నాకొక్కనికే దక్కును గనుక, భుజమెత్తున ప్రక్కకు పట్టుకొని, పుటను పిల్లలవైపు త్రిప్పి, నేను అక్షరములను ఓరకంట చదువుకొనుచు, వారిని నేలమీద అర్ధచంద్రాకారముగా కూర్చుండబెట్టి మొదలుపెట్టితిని. వారు తమ అలవాటు చొప్పున కూర్చుండిరి: చదువు వచ్చినవారు ముందు, రానివారు వెనుక, ఆ వాడవారు ఆ వైపు, ఈ వాడవారు ఈ వైపు, ఆడపిల్లలు విడిగా. నేను ఏమియు అనలేదు. మాట చదువుటకు ముందు బొమ్మను వారి కన్నులకు వదలి, లోలోపల ఇరువది లెక్కించుకొనుచు ఊరకుండుట మాత్రము నేర్చుకొంటిని. ఉపాధ్యాయునకు ఊరకుండుట కంటె కష్టమైన విద్య లేదు. మూడవ దినముననో నాల్గవ దినముననో, అక్షరములు పట్టుబడక ఏడాదిగా నోరు విప్పని ఒక బాలుడు వెనుకనుండి, "సార్, గా మంచం కింద పిల్లి ఉన్నది సూడుండ్రి. ఇంతకు ముంగటి పేజీల గూడ ఉండె" అన్నాడు. నేను చూడలేదు. తరగతిలో అందరికంటె బాగుగా చదువు పిల్లయు చూడలేదు; ఆమె కన్ను అక్షరముల వెంట పరుగెత్తుచుండెను. పుటలు వెనుకకు త్రిప్పి చూడగా, నిజముగనే, కథలో ఎక్కడను ప్రస్తావన లేని పిల్లినొకదానిని చిత్రకారుడు పుటపుటకు ఒక మూలను దాచియున్నాడు. ఆ క్షణమున ఇరువదిరెండు తలలు ఆ బాలునివైపు తిరిగినవి. అంతకు ముందును ఆ తలలు అతనివైపు తిరిగినవే. కాని తిరిగినప్పుడెల్ల నవ్వుటకే తిరిగినవి.

మరునాడు పిల్లి ఎక్కడ దాగినదో ముందుగా తెలిసికొనుటకై అతని ప్రక్కను చోటుకొరకు పోటీ పడిరి. కూర్చుండు తీరును నేను మార్చలేదు. అది తానే మారెను. దీనిని గూర్చి తరువాత ఎన్నియో మారులు ఆలోచించితిని. ఆ బాలునికి ఆ చోటు నేను జాలితో ఇప్పించినది కాదు. అట్లు ఇప్పించియుండినచో పిల్లలు క్షణములో కనిపెట్టియుందురు. వారిని ఈ విషయమున మోసగింప శక్యము కాదు. అతని చూపు తమకు నిజముగ అవసరమని వారికి తోచినది. అందరును సమానులని ప్రార్థనా సమయమున చెప్పించుట సులభమే. ఒక బిడ్డ లేనిదే తక్కిన బిడ్డలకు కథ పూర్తికాని స్థితిని కల్పించుటకు మాత్రము ఏదో ఒక వస్తువు కావలెను. నాకు తెలిసినంతలో ఆ వస్తువు బొమ్మల పుస్తకము.

ఈ మాట ఇప్పుడు చెప్పుటకు కారణమున్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము 'నిపుణ్ భారత్'ను, 2022లో తెలంగాణ ప్రభుత్వము 'తొలిమెట్టు'ను ప్రారంభించినవి. మూడవ తరగతి ముగియులోపల ప్రతి బిడ్డకును చదువుట, లెక్కించుట రావలెనను సంకల్పము ఉత్తమమైనది. చదువురాక పై తరగతికి పోయిన పిల్లల దుఃఖమును చూచినవాడనగుటచే నేను దానిని మనసార గౌరవింతును. అయితే ఆ సాధనకై పిల్లలను అక్షరస్థాయి, పదస్థాయి, వాక్యస్థాయి అని వేఱుచేసి కూర్చుండబెట్టునపుడు, ఆ గీత నేలమీద మాత్రమే పడదు. "నేను అక్షరాల గ్రూపు" అని ఏడేండ్ల పిల్ల ఒకతె, పేరడిగిన అతిథికి పేరుతోపాటు చెప్పుట నా చెవులార విన్నాను. స్థాయిలు ఉండవలసినదే కావచ్చును. వైద్యుడు రోగమును బట్టి మందిచ్చును గదా. కాని ఇంటిలో వేర్వేరు మందులు త్రాగువారును రాత్రి ఒక్కచోట అన్నము తిందురు. దినములో ఒక అరగంటయైనను స్థాయి ఏమిటని ఎవరును అడుగని చోటు తరగతిలో ఉండవలెను.

షికాగో విశ్వవిద్యాలయపు లాబొరేటరీ స్కూలులో చాలకాలము శిశుతరగతి నడిపిన వివియన్ పేలీ అను ఉపాధ్యాయిని, ఉద్యోగమునుండి విరమించుటకు ముందు తన తరగతిలో జరిగిన ఒక సంవత్సరపు కథను 1997లో 'ది గర్ల్ విత్ ద బ్రౌన్ క్రేయాన్' అను పుస్తకముగా వెలువరించినది. రీనీ అను ఐదేండ్ల నల్లజాతి బాలిక, గోధుమరంగు క్రేయాను తన రంగుగా భావించి ఎల్లప్పుడు దానితోనే బొమ్మలు వేసెడిది. లియో లియోనీ 1967లో రచించి చిత్రించిన 'ఫ్రెడరిక్' అను ఎలుక కథ విన్నపుడు, ఆ గోధుమరంగు ఎలుక అచ్చముగా తనవంటిదేనని ఆమె నిశ్చయించినది. అది మొదలు ఆ తరగతి లియోనీ పుస్తకములను ఒకటి విడిచి ఒకటి పట్టుకొని సంవత్సరమంతయు వాని వెంటనే నడచినది. బొమ్మలు వేసిరి, నాటకములాడిరి, అన్నిటికంటె ముఖ్యముగ వాదించుకొనిరి. తక్కిన ఎలుకలు చలికాలమునకై గింజలు కూడబెట్టుచుండగా, ఎండను, రంగులను, మాటలను కూడబెట్టుచు కూర్చుండిన ఫ్రెడరిక్కునకు గింజలలో వాటా ఉండవచ్చునా? 'టికో' అను మరియొక కథలోని పక్షి, బంగారు రెక్కలు వచ్చిన కారణమున గుంపు తన్ను వెలివేయగా, ఆ బంగారు ఈకలను ఒక్కొక్కటిగా దానమిచ్చి, చివరకు తక్కినవానివలె నల్లరెక్కలతో గుంపులో చేరినది. చేరుటకై అంత వదులుకొనవలసి వచ్చుట న్యాయమా? ఐదేండ్ల పిల్లలు చర్చించిన ప్రశ్నలివి. మన పల్లెలలో, పట్టణములలో, పెద్దలు నిత్యము ఎదుర్కొనుచు నోరెత్తి అడుగ జంకు ప్రశ్నలును ఇవియే.

పేలీ అనుభవమునుండి నేను గ్రహించిన మర్మమొకటి కలదు. ఆమె దినమునకొక క్రొత్త పుస్తకము తేలేదు. ఒకే రచయితను పట్టుకొని, ఆ పుస్తకముల చుట్టే తిరిగినది. పిల్లలు చదివిన కథనే మరల చదువుమని వేధింతురని తలిదండ్రులు విసుగుకొందురు. కాని వేయిమారులు చూచిన వీథినాటకమునే మరల చూచుటకు పోయిన మన తాతలు మూర్ఖులా? నలుగురికి తెలిసిన కథ నలుగురి సొత్తగును. మా తరగతిలో ఒకడు అలిగి మూల కూర్చుండినచో, "వాడు పిల్లి లెక్క మంచం కింద దాక్కున్నడు" అని మరియొకడనును, అందరికి అర్థమగును, అలిగినవానికిని నవ్వు వచ్చును. బయటివారికి తెలియని మాట ఒకటి పదిమంది నడుమ పుట్టినదనగా, ఆ పదిమందియు ఒక కుటుంబమైరని అర్థము. దానికి అయిదువందల పుస్తకములు అక్కరలేదు. మంచివి పది చాలును.

మంచివి అనుటలోనే చిక్కున్నది. ఒకనాడు కథ ముగిసిన పిదప అమ్మ బొమ్మ వేయుమని కాగితములిచ్చితిని. చామనచాయకంటె ఇంకను నలుపైన ఒక చిన్నపిల్ల, రంగుల డబ్బాలో లేత గులాబివన్నె పెన్సిలుకై వెదకుచు, "సార్, స్కిన్ కలర్ ఎవరి దగ్గరున్నది?" అని అడిగినది. ఆ రంగునకు పిల్లలు పెట్టుకొన్న పేరు అది; ఆ పేరు వారికి ఎవరు నేర్పిరో తెలియదు. ఆమె తల్లి నాకు తెలియును. ఎండలో కూలిచేసి నల్లబడిన, చల్లని ముఖము గల తల్లి. బిడ్డ ఆమెను గులాబివన్నెతో నింపినది. "మీ అమ్మ ఇట్లుండునా?" అని అడుగ నోరు రాలేదు. ఆ సాయంకాలము మా అలమరలోని పుస్తకములన్నియు తీసి చూచితిని. ఒక్కదానిలోనైనను నల్లని తల్లి లేదు. తల్లి యనగా తెలుపు. రాక్షసి యనగా నలుపు. తప్పు ఆ చిన్నదానిది కాదు.

అమెరికాలో నాన్సీ లారిక్ అను విదుషి 1965లో ప్రకటించిన వ్యాసమున, 1962 మొదలు 1964 వరకు అచ్చయిన 5,206 పిల్లల పుస్తకములను లెక్కించి, నల్లజాతివారు ఒక్కరైనను కనబడు పుస్తకములు 349 మాత్రమేయని, అనగా నూటికి ఏడైనను లేవని, చూపినది. ఆ లెక్కకు ప్రేరణ ఒక ఐదేండ్ల నల్లపిల్ల అడిగిన ప్రశ్న: పుస్తకములలో ఎప్పుడును తెల్లపిల్లలే ఎందుకుందురు? 1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అను ఆచార్యురాలు, పుస్తకము పిల్లలకు అద్దమును కావలెను, కిటికీయు కావలెను, దాటిపోదగిన ద్వారమును కావలెనని బోధించినది. అద్దములో తమ్ము తాము చూచుకొననివారు తాము లోకములో లెక్కకు రానివారమని అనుకొందురు. అద్దము మాత్రమే చూచినవారు లోకమంతయు తామేయని అనుకొందురు. కూటమికి ఈ రెండును ప్రమాదమే.

మన భాషలో ఈ కొఱత తీర్చుటకు జరిగిన కృషి లేకపోలేదు. హైదరాబాదులోని 'అన్వేషి' సంస్థ వెలువరించిన భిన్న సంస్కృతుల కథలలో మహమ్మద్ ఖదీర్‌బాబు వ్రాసిన తలకాయ కూర కథ, గోగు శ్యామల వ్రాసిన తాటకి కథ, బడి పుస్తకములలో ఎన్నడును కనబడని ఇండ్లను, వంటలను, పిల్లల పౌరుషమును బొమ్మలతో చూపినవి. తూలిక ప్రచురణల వారు 2003లో తెచ్చిన మహాశ్వేతాదేవి కథలో, శబర జాతికి చెందిన మొయినా అను పదేండ్ల పిల్ల మేకలు కాచుకొనుచు ప్రతిదానికిని ఎందుకని అడుగుచునే యుండును. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' వారు చవక ధరలలో ఎన్నో పుస్తకములు తెచ్చుచున్నారు. 2015లో ప్రథమ్ బుక్స్ వారు నెలకొల్పిన 'స్టోరీవీవర్'లో తెలుగు కథలు బొమ్మలతో సహా రుసుము లేక లభించును. తలకాయ కూర కథ తరగతిలో విప్పిన దినమున, మధ్యాహ్న భోజనమునకు తన టిఫిను డబ్బాను మూత సగమే తెఱచి తిను ఒక బాలుడు మూత పూర్తిగా తీసి పెట్టుట చూచితిని. నేను దానిని గూర్చి అతనితో మాటలాడలేదు. మాటలాడిన చెడునని తోచినది.

భాష సంగతియు ఇట్టిదే. తండా నుండి వచ్చు లంబాడీ బిడ్డ, గూడెమునుండి వచ్చు కోయ బిడ్డ, ఇటుక బట్టీలలో పనికై ఒడిశానుండి తలిదండ్రులతో వచ్చి ఆరు నెలలు మన బడిలో కూర్చుండి పోవు బిడ్డ, వీరు తెలుగు పాఠమును వినునది వాన చప్పుడు విన్నట్లే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ శతాబ్ది ఆరంభమున సవర, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా మొదలగు ఎనిమిది భాషలలో తొలి తరగతుల చదువును ప్రారంభించిరి. అది దూరదృష్టి గల పని. అట్టి ఏర్పాటు లేని బడిలోను మాటలే లేని బొమ్మల కథను ఒకదానిని చేత పట్టుకొన్నచో, దానిని ఏ భాషలోనైనను చదువవచ్చును. మా లంబాడీ పిల్ల ఒకతె అట్టి పుస్తకమును తన భాషలో మొదటినుండి చివరివరకు చెప్పగా, తక్కినవారు బొమ్మను బట్టి అర్థము చేసికొనుచు, 'యాడి' యనగా అమ్మయని, 'బా' యనగా నాయనయని తామే కనిపెట్టిరి. ఆ వారమంతయు తరగతిలో అందరును ఆ మాటలతోనే ఆడుకొనిరి. అంతవరకు ఆ పిల్లకు మన భాష రాదని అనుకొనుచుంటిమి. ఆనాడు మాకు ఆమె భాష రాదని తెలిసినది.

ఇక మనకున్న పెద్ద వ్యాధిని గూర్చి చెప్పవలెను. కథ ముగిసిన వెంటనే "ఈ కథలోని నీతి ఏమిటి?" అని అడుగుట. పాతికేండ్లు నేనును అడిగినవాడనే. ఆ ప్రశ్న వినగానే పిల్లల ముఖములు తలుపులు వేసికొన్నట్లు మారిపోవును. చదువు వచ్చినవారి చేతులు లేచును. "అందరితో కలిసి మెలిసి ఉండాలి సార్" అను వాక్యము, ఉన్నది ఉన్నట్లు, బయటికి వచ్చును. ఆ వాక్యము పలికిన బిడ్డయే విరామములో పక్కవానిని ఆటలో చేర్చుకొనదు. 1932లో గిజుభాయి బధేకా గుజరాతీ భాషలో రచించిన 'దివాస్వప్న'లో, నాల్గవ తరగతిని చేపట్టిన ఉపాధ్యాయుడు పాఠములన్నియు ప్రక్కకు పెట్టి కథలతో మొదలుపెట్టును, తోటివారు ఆక్షేపింతురు, కథ కొఱకు పిల్లలు తామే క్రమశిక్షణను తెచ్చుకొందురు. 'పగటి కల'గా తెలుగులోనికి వచ్చిన ఆ పుస్తకమును ప్రతి ఉపాధ్యాయుడును చదువవలెను. కథ యొక్క ఫలము కథలోనే యున్నదని గిజుభాయి విశ్వసించినాడు. నీతి అడుగుటకంటె అపాయకరమైన పని మరియొకటి కలదు: తరగతిలో ఎవరినో వెలివేసిరని తెలిసి, వెలివేతను గూర్చిన పుస్తకమును ఆ దినముననే తెచ్చి, చదువుచు ఆ పిల్లవానివైపు చూచుట. అది వాని గాయమును అందరి ఎదుట విప్పుట. అట్టి పుస్తకమును నెల ముందో నెల వెనుకో, ఎవరి ప్రసక్తియు లేని దినమున చదువవలెను.

తీరిక ఎక్కడిదని తోటి ఉపాధ్యాయులు అడుగుదురు. అయిదు తరగతులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నివేదికలు, ఫోటోలు, యాపులు. వారి బాధ నా బాధయే. అయితే అయిదు తరగతులను ఒక్కచోట కూర్చుండబెట్టి ఒకేసారి చేయదగిన పని బడిలో ఇదియొక్కటే. మొదటి తరగతివాడు పిల్లిని చూచును, అయిదవ తరగతివాడు చిత్రకారుడు పిల్లిని ఎందుకు దాచెనో చెప్పును. పుస్తకము చిన్నదై వెనుకవారికి కనబడదందురా, 1970లలో న్యూజిలాండులో డాన్ హోల్డవే మొదలగువారు తల్లి ఒడిలోని చదువును తరగతి మొత్తమునకు తెచ్చుటకై పుస్తకమును పెద్ద కాగితములమీద పెద్దదిగా వ్రాసి చదివిరి. డ్రాయింగు షీట్లమీద పై తరగతి పిల్లలే ఆ పని చేయగలరు.

నిజమైన అడ్డంకి తీరిక కాదు, తాళము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలలోను కథల పుస్తకములతో కూడిన గ్రంథాలయముండవలెనని శాసించినది. 2018 నుండి సమగ్ర శిక్ష పథకము క్రింద పాఠశాల స్థాయిని బట్టి ఏటేట 5,000 మొదలు 20,000 రూపాయల వరకు గ్రంథాలయ నిధికి అవకాశమున్నది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో 'చదవడం మాకిష్టం' అను ఉద్యమమును నడిపిరి. పుస్తకములు రానేవచ్చినవి, వచ్చి బీరువాలో కూర్చున్నవి. నేను పనిచేసిన ఒక బడిలో, తనిఖీకి వచ్చిన అధికారి స్టాకు రిజిస్టరును ముందు పెట్టుకొని, చిరిగిన మూడు పుస్తకముల వెలను నా చేత కట్టించినారు. సొమ్ము పెద్దది కాదు. కాని ఆనాటినుండి మా బడిలో పుస్తకమును ముట్టిన ఉపాధ్యాయుడు లేడు. రెండేండ్లు బీరువా తెఱువలేదు. తెఱచిన దినమున చెదలు తినిన అట్టలు చేతికి వచ్చినవి. చెదలు తిన్న పుస్తకములకు మాత్రము ఎవరును వెల అడుగలేదు. చిన్నపిల్లల పుస్తకము చిరుగుట అది పనిచేసినదనుటకు గుర్తు. ఏటా ఇన్ని పుస్తకములు వాడుకలో నలిగిపోవునని ముందుగనే లెక్కలో వ్రాసికొనుటకు అనుమతించు ఒక్క ఉత్తరువు వెలువడినచో, ఎన్నో శిక్షణ తరగతులు సాధింపలేని పని సాధ్యమగును. విద్యాశాఖ పెద్దలను నేను చేతులు జోడించి కోరునది ఇదియే. చిరిగినదానిని అతికించుటయు పిల్లల పనిగానే చేయవచ్చును. శనివారము మధ్యాహ్నము మైదాపిండి ఉడికించి, పాత క్యాలెండరు కాగితములు కత్తిరించి, ఒకరు పుటను పట్టుకొనగా ఒకరు అంటించుచు, చినిగిన చోట ఏ బొమ్మ ఉండెనో తలచుకొని వాదించుకొనుచు వారు గడపిన గంటలు, ఆటల పోటీలు కూడ ఇయ్యని పొత్తును మా పిల్లలకు ఇచ్చినవి.

నా ఉద్యోగపు చివరి సంవత్సరమున, పిల్లలకు నా చిన్ననాటి పటమును గూర్చి చెప్పగా, మనమును ఒకటి వేసికొందమనిరి. ఒక పాత దుప్పటిని ఉదికి, గంజిపెట్టి, పొడవున చీల్చి కుట్టితిమి. ఒక్కొక్కరికి ఒక గడి. ఆ గడిలో తెల్లవారుజామున తమ ఇల్లు. బొమ్మలు వేయుట రెండు వారములలో ముగిసినది. ఎవరి గడి ముందుండవలెనను తగవు మూడు దినములు సాగినది. హాజరు పట్టీ క్రమమున పెట్టుమని నేనన్నాను, ఒప్పుకొనలేదు. పేరులోని మొదటి అక్షరమును బట్టి యనిరి. చివరి అక్షరములవారు ఒప్పుకొనలేదు. మూడవనాడు, మంచము క్రింది పిల్లిని చూచిన బాలుని తమ్ముడు, అప్పటికి వాడును రెండవ తరగతికి వచ్చియుండెను, "ఎవరింట్ల ముందుగాల దీపం ఎలుగుతదో ఆళ్లది ముందు" అన్నాడు. అందరును ఒప్పుకొనిరి. ఎవరింట ఎన్ని గంటలకు లేతురో అడిగి వ్రాసికొనిరి. పాలు పిదుకువారి ఇల్లు నాలుగున్నర. మగ్గము పెట్టు ఇల్లు అయిదు. ఊరి వీథులూడ్చు పనికి పోవు తల్లి కూతురు లేచి, "మా అమ్మ మూడున్నరకే లేస్తది" అన్నది. గణతంత్ర దినమున తలిదండ్రులందరును చూచుచుండగా వరండాలో రెండు వెదుళ్ల నడుమ ఆ పటమును పైనుండి విప్పితిమి. మొదటి గడిలో చీకటి, ఒక నక్షత్రము, చేతిలో చీపురుతో ఒక స్త్రీ. ముఖమునకు వేసినది గోధుమరంగు; అది వత్తి వత్తి వేయుటచే గుడ్డ ఆవలివైపునకు దిగినది.